కుక్క ఎలుకల మందు తిని హుషారుగానే ఉంటే ఆసుపత్రికి పోవాలా?

మీ కుక్క వంటగదిలో పెట్టిన ఎలుకల మందు తిన్నది, గంటైనా హుషారుగానే ఉంది, పక్కింటివాళ్లేమో ఉప్పునీళ్లు తాగించమంటున్నారు, కావలిలో ఈ టైమ్‌లో డాక్టర్ దగ్గరకు పరిగెత్తాలా అని అడిగారు. పరిగెత్తాలి, ఇప్పుడే. ఉప్పునీళ్లు మాత్రం వద్దు. వాంతి అవుతుందన్న నమ్మకం లేదు గానీ, ఒంట్లో ఉప్పు ఎక్కువై ఫిట్స్ వస్తే అది ఇంకో ప్రాణగండం. పాలు, కొబ్బరినూనె కూడా విరుగుళ్లు కావు.

పోయేటప్పుడు మందు పెట్టె తీసుకెళ్లండి, చిరిగిన ముక్కైనా సరే. టంగుటూరు దగ్గర మా పొగాకు బ్యారన్‌లో (ఆకు కాల్చే కొట్టంలో) ఎలుకలకని పెట్టిన నీలం బిళ్లల్ని మా బుజ్జిగాడు నమిలేసినప్పుడు, మా బావ చెత్తకుప్పంతా కెలికి అట్టపెట్టె పట్టుకొచ్చాడు. ఒంగోల్లో డాక్టరుగారు కుక్క కంటే ముందు ఆ పెట్టెనే చూశారు. బ్రోమాడయోలోన్ అని ఉంది. రక్తం గడ్డకట్టకుండా చేసే రకం. గడ్డకట్టడానికి కావాల్సినవి ఒంట్లో ముందే కొన్ని ఉంటాయి కాబట్టి, అవి అయిపోయేదాకా కుక్క మామూలుగానే తిరుగుతుంది. రెండు మూడు రోజులకు, ఒక్కోసారి ఐదు రోజులకు, చిగుళ్లు పాలిపోవడం, ఆయాసం, ముక్కులో రక్తం, నల్లటి విరేచనం మొదలవుతాయి. మీవాడి హుషారు చూసి ఆగిపోవద్దనేది ఇందుకే.

బుజ్జిగాడు తిని ఎక్కువసేపు కాలేదని డాక్టరుగారు ఇంజెక్షన్‌తో వాంతి చేయించి, విషాన్ని పట్టుకునే బొగ్గుపొడి, యాక్టివేటెడ్ చార్‌కోల్ తాగించారు. ఆ తర్వాత వారాల తరబడి విటమిన్ కె1 మాత్రలు. మెడికల్ షాపులో ఒక్క విషయం గట్టిగా చూసుకోండి: ఉత్త ‘విటమిన్ కె’ అని అడిగితే కె3 అనే వేరే రకం ఇచ్చేయొచ్చు, ఈ విషానికి అది పనిచేయదు. మాత్ర కాస్త కొవ్వున్న తిండితో ఇస్తే బాగా ఒంటబడుతుంది. మేం గుడ్డులో పెట్టేవాళ్లం, మాత్ర టైమ్‌కి వాడే వచ్చి కూర్చునేవాడు. కోర్సు ఆపిన రెండు మూడు రోజులకు రక్తం గడ్డకట్టే టెస్ట్ చేయించాలి. కుక్క బాగుందని ఎక్కువమంది ఎగ్గొట్టేది ఇదే.

మీరు పెట్టింది బిళ్ల కాకుండా నల్లటి పొడి అయితే అది జింక్ ఫాస్ఫైడ్ కావచ్చు. దాంతో ఇంత వ్యవధి ఉండదు. కడుపులో ఆసిడ్ తగలగానే ఫాస్ఫీన్ అనే విషవాయువు పుడుతుంది, దానికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. పాపం ఆకలేస్తుందేమోనని పెరుగన్నం పెట్టకండి, తిండి పడితే ఆసిడ్ ఇంకా ఊరుతుంది. బండిలో వాంతి చేసుకుంటే అద్దాలు దించేయండి, ఆ గాలి పీల్చడం మనకూ ప్రమాదమే.

చొంగ కారుస్తూ వణుకుతుంటే పొలం పురుగుమందు అనుమానించాలి, వాటిలో చాలావాటికి విరుగుడుగా అట్రోపిన్ అనే మందు ఇస్తారు. బాత్రూమ్ ఆసిడ్, కిరోసిన్ లాంటివి తాగితే ఇంట్లో వాంతి చేయించనే కూడదు. లోపలికి పోయేటప్పుడు ఒకసారి, బయటికొచ్చేటప్పుడు ఇంకోసారి గొంతు కాలుతుంది, కిరోసిన్ అయితే ఊపిరితిత్తుల్లోకీ పోతుంది.

పశువుల అంబులెన్స్ నంబర్ 1962. చేసి చూడండి గానీ బండి వచ్చేదాకా కూర్చోవద్దు, ఆటో మాట్లాడండి. దార్లో డాక్టర్‌కి ఫోన్ చేసి పెట్టె మీద పేరు, కుక్క బరువు, ఎన్నింటికి తిన్నదో చెప్తే, మీరు చేరేసరికి మందు సిద్ధం చేసుకుంటారు.