వేలంపాటలో బొంత గుడ్డలు

అమ్మడూ,

నువ్వు పంపిన బొంత ఫొటో చూశాను. కుట్టు బాగుంది, టాకాలు సూటిగా ఉన్నాయి. ఉతికాక మధ్యలో ముడుచుకుపోయిందని బాధపడుతున్నావట. అది నీ చేతి తప్పు కాదు, గుడ్డల తప్పు. అమ్మమ్మ పాత చీర ముక్కల పక్కన కొత్త ముక్కలు వేశావు. పాతది దగ్గరికి రావలసినంతా ఎప్పుడో వచ్చేసింది. కొత్తది మొదటి ఉతుకులో వచ్చింది, పక్కదాన్నీ లాగింది.

మీ అన్నయ్య డాలస్ నుంచి సంక్రాంతికి వస్తున్నాడని, వాడి చేత ఈబే అనే ఇంటర్నెట్ సైట్‌లో వేలానికి వచ్చే అమెరికా గుడ్డలు కొనిపిస్తావని మీ అమ్మ చెప్పింది. వద్దనను. మా అమ్మాయి, అదే మీ వదిన దగ్గర న్యూజెర్సీలో ఆర్నెల్లు చొప్పున రెండుసార్లు ఉన్నప్పుడు నేను చేసిన పని అదే. మన దేశంలో ఈబే 2018లోనే మూతపడింది. అక్కడి నుంచి నేరుగా నీ పేరున తెప్పిస్తే పార్సిల్ ఖర్చు, కస్టమ్స్ సుంకం కలిసి గుడ్డ ధరని మింగేస్తాయి. అన్నయ్య పెట్టెలో రావడమే దారి. ఒక పెట్టెకి 23 కిలోలే కదా, అందులో ఊరందరి చాక్లెట్లూ ఉంటాయి. నీకు 5 కిలోలు దక్కితే గొప్ప. అంతమాత్రానికే ముప్ఫై గజాల పైన వస్తుందిలే, బెంగపడకు.

వేలంపాట మనకి కొత్త కాదు. మీ తాతయ్య ఊరి చేపల చెరువు పాటకి వెళ్లే ముందు అరుగు మీద కూర్చుని లెక్క వేసుకునేవారు. మేత ఎంత, పట్టుబడి కూలి ఎంత, ధర పడిపోతే ఎంత అని. చివరికి ఒక అంకె అనుకునేవారు. పాట ఆ అంకె దాటిందా, కండువా దులుపుకుని లేచి వచ్చేసేవారు. ఒక్క ఏడాది మాత్రం ఎదురుగా పాడుతున్నది గిట్టనివాడని పంతానికి పోయారు. చెరువు మనదే అయింది, దానికి తెచ్చిన అప్పుకి వడ్డీ కట్టడానికి రెండేళ్లు పట్టింది. ఆ సంగతి తెలిసి కూడా నేను అక్కడ అదే పని చేశాను. నీలం పువ్వుల గుడ్డ 2 గజాలు, ఎవరో నా మీద పాడుతూనే ఉన్నారు, నేనూ వదల్లేదు. రాత్రి పన్నెండింటికి 31 డాలర్లకి నాదైంది, పోస్టు ఖర్చు ఇంకో 7. మర్నాడు మీ వదిన షాపుకి తీసుకెళితే అదే గుడ్డ నిండు తానుగా కనబడింది, గజం 12 డాలర్లు. మీ వదిన ఏమీ అనలేదు. అంటేనే బాగుండేది.

ఈబేలో ఒక సదుపాయం ఉంది. నువ్వు ఎంతవరకు ఇవ్వగలవో ఆ పై అంకె ఒక్కసారి వేసేస్తే అది ఎవరికీ కనబడదు. అవతలివాళ్లు పెంచిన కొద్దీ నీ తరఫున యంత్రమే కొంచెం కొంచెంగా పాడుతుంది, నీ అంకె దగ్గర ఆగిపోతుంది. ఆఖరి క్షణాల్లో వచ్చి పాడి ఎగరేసుకుపోయేవాళ్లు ఉంటారు, వాళ్లని చూసి టెన్షన్ పడకు. అంకె వేయించి ఫోన్ పక్కన పెట్టెయ్. ఆ అంకెలో పోస్టు ఖర్చు కలిసే ఉండాలి. గుడ్డ ఒక డాలరుకి పెట్టి పోస్టుకి తొమ్మిది అడిగేవాళ్లు ఉన్నారు. ఒకే మనిషి దగ్గర మూడు నాలుగు రకాలు కొంటే అన్నీ ఒకే పార్సిల్‌లో వేసి ఖర్చు తగ్గిస్తారేమో ముందే అడగమను.

ఇక కొలతలు. అక్కడ గజాల లెక్క. గజమంటే 36 అంగుళాలు, మన మీటరు కంటే మూడు అంగుళాల పైన తక్కువ. పన్నా, అంటే గుడ్డ వెడల్పు, 42 నుంచి 44 అంగుళాలు. పాతకాలపు గుడ్డ అని అమ్మేదానికి పన్నా 36 అంగుళాలే ఉండొచ్చు, అడగకపోతే చెప్పరు. ఫ్యాట్ క్వార్టర్ అంటే 18 అంగుళాలకి 22. పావు గజమే, కానీ దాదాపు చదరంగా వస్తుంది. లాంగ్ క్వార్టర్ కూడా పావు గజమే, అయితే అది 9 అంగుళాల పట్టీ. నువ్వు కుట్టే 10 అంగుళాల చదరం మొదటిదాంట్లో రెండు తెగుతాయి, రెండోదాంట్లో ఒక్కటి కూడా రాదు. పేరు సరిగ్గా చదవమను. పౌండ్ల లెక్కన మూటలు కూడా అమ్ముతారు. పౌండుకి సుమారు 3 గజాల గుడ్డ తూగుతుంది కాబట్టి చవకే అనిపిస్తుంది. నేను కొన్న మూటలో సగం రెండంగుళాల పేలికలు, మిగతా సగం పాలిస్టర్. పేలికలతో మీ వదినకి గరిట పట్టుకునే గుడ్డలు కుట్టి ఇచ్చి వచ్చాను.

షాపులో అయితే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూస్తాం, ముక్కు దగ్గర పెట్టుకుంటాం. ఇక్కడ ఆ పని అమ్మేవాళ్ల చేతే చేయించాలి. నేను మూడు అడిగేదాన్ని. గుడ్డ ఉతికిందా, కొత్తదా? అంచు మీద స్కేలు పెట్టి ఫొటో తీస్తారా? మడత విప్పి, మడత గీత మీద ఫొటో తీస్తారా? అంచు మీద కంపెనీ పేరు, వాడిన రంగుల చుక్కలు ఉంటే అది బొంతల కోసమే అచ్చేసిన నూలు గుడ్డ అనుకోవచ్చు. మడత గీత సంగతి ఏమిటంటే, ఏళ్ల తరబడి అలమరలో వెలుతురు తగిలిన చోట రంగు వెలిసి తెల్లటి చార పడుతుంది. అమ్మేవాళ్లు ఎప్పుడూ నడిమి భాగమే ఫొటో తీస్తారు. మంచివాళ్లు రోజులోపు ఫొటోలు పంపుతారు. కసురుకున్నవాళ్ల దగ్గర నేను కొనలేదు. వాళ్ల మీద కొన్నవాళ్లు రాసినవి చదివేటప్పుడు నూటికి ఎంత అన్న అంకె చూసి ఆగిపోకు, తిట్టినవాళ్లు ఎందుకు తిట్టారో చదువు. పార్సిల్ ఆలస్యమైందని తిడితే పర్వాలేదు. సిగరెట్ కంపు అని ఇద్దరు రాస్తే అక్కడితో వదిలెయ్. ఆ కంపు నాలుగు ఉతుకులకీ పోదు, పైగా నువ్వు కుట్టేది పసిపిల్లలకి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదీ. మీ అన్నయ్య వచ్చిన పార్సిళ్లు వచ్చినట్టే గూట్లో పడేసి, సంక్రాంతికి మూటగట్టుకుని తెస్తాడు. వాడి సంగతి నాకు తెలుసు. చెప్పింది ఒకటి, వచ్చింది ఒకటి అయితే ఈబేలో ఫిర్యాదు చెయ్యడానికి పార్సిల్ అందినప్పటి నుంచి 30 రోజులే గడువు. అందుకని ఏ పార్సిల్ వచ్చినా ఆ రోజే విప్పి వీడియో కాల్‌లో చూపించమను. అంచులోంచి ఒక్క పోగు లాగి సింకు దగ్గర అగ్గిపుల్లతో వెలిగించమను. నూలు అయితే కాగితం కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ల మధ్య పొడి అయిపోతుంది. పాలిస్టర్ కలిస్తే కరిగి, చల్లారాక గట్టి పూసలా ముద్ద కడుతుంది. వాడు విసుక్కుంటాడు. పూతరేకులు కట్టి ఇస్తానని చెప్పు, చేస్తాడు.

ఇంటికి వచ్చాక ఒక్క ముక్క కూడా ఉతక్కుండా కత్తెర పెట్టకు. నూలు గుడ్డ మీటరుకి 3 నుంచి 5 సెంటీమీటర్లు దగ్గరికి రావచ్చు. ఎరుపు, ముదురు నీలం అయితే ముందు ఒక మూల వేడినీళ్లతో తడిపి తెల్లగుడ్డ మీద నొక్కి చూడు. తెల్లగుడ్డకి రంగు అంటితే దాన్ని విడిగా రెండు మూడుసార్లు జాడించు, అప్పటికీ దిగుతుంటే పసిపిల్లల బొంతలో వెయ్యకు. బాగా ఎండాకే మడత పెట్టు. మన కాలవగట్టు ఇళ్లలో వానాకాలం కాస్త చెమ్మ ఉన్నా చాలు, నల్లచుక్కలు పట్టేస్తాయి.

అమెరికా నుంచి పైపొరకి బొమ్మల గుడ్డలు మాత్రమే తెప్పించుకో. అస్తరుకీ, మధ్యలో తెల్ల పట్టీలకీ అంత దూరం ఎందుకు? రాజమండ్రి తాడితోటకో, ద్వారపూడికో ఒక పూట వెళితే మీటర్ల లెక్కన చేత్తో తడిమి తెచ్చుకోవచ్చు. లోపొరకి మీ నాన్న పాత పంచెలను మించింది లేదు. ఫోన్‌లో లైవ్ పెట్టి, ఇప్పుడే డబ్బు పంపండి అని అరుస్తూ వేలం వేసేవాళ్ల జోలికి మాత్రం పోకు. పోయిన ఏడాది ఒకావిడ దగ్గర చేతి అచ్చు కలంకారీ అని తీసుకున్నాను. వెనక్కి తిప్పితే రంగు అసలు దిగనే లేదు, ముందు వైపు ప్రతి పువ్వూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంది. చేత్తో అచ్చు వేస్తే ఎక్కడో ఒకచోట అతుకు జరుగుతుంది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. డబ్బు నేరుగా వెళ్లిపోయింది కాబట్టి అడగడానికి మధ్యలో ఎవరూ లేరు.

ఆ ముడుచుకున్న బొంత పారెయ్యకు. ఆదివారం మీ నాన్న పాలకొల్లు వస్తాడు కదా, వాడి చేత పంపించు. మధ్య వరసలు విప్పి, కొత్త ముక్కలు నాలుగూ తీసేసి చూస్తాను.

మీ అత్త