ముందు ఊకొట్టడం నేర్పు

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. ఫోన్లో నువ్వడిగినదానికి అప్పటికప్పుడు చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను. నీ దగ్గర ఇంప్రావ్ (ముందే రాసుకోకుండా అప్పటికప్పుడు అల్లి ఆడే నాటకం) నేర్చుకునే పదిమందీ జోకులు బాగానే వేస్తున్నారు, సన్నివేశం మాత్రం నిలబడటం లేదన్నావు. బుర్రకథలో హాస్యం వంతగా, అంటే కథకుడి పక్కన నిలబడి నవ్వించేవాడిగా, ముప్పయ్యేళ్లు గుమ్మెట అనే వాద్యం వాయించాను. ఇది నాకు తెలిసిన రోగమే. వాళ్లకింకా ఊకొట్టడం రాలేదు.

ఊకొట్టడమంటే తలాడించడం కాదురా. నడుమ తంబురా పట్టుకున్న కథకుడు ఒక మాటంటాడు. వంత దాన్ని అందుకుని, తనదింకోటి చేర్చి, తిరిగి కథకుడి చేతిలో పెట్టాలి. ఇంటి దగ్గర తయారుచేసుకున్న జోకు మనసులో ఉంటే చెవి మూసుకుపోతుంది.

ఒకసారి బొబ్బిలి యుద్ధం చెబుతున్నాం. బుస్సీ దొర ఫిరంగులు కోటకి గురిపెట్టాయని కథకుడు అన్నాడో లేదో, ఊరంతా కరెంటు పోయింది. "మొదటి గుండు మన ట్రాన్స్‌ఫార్మర్‌కే తగిలింది బావా!" అన్నాను. జనం గొల్లున నవ్వారు. నేనంతటితో ఆగితే కథ చీకట్లోనే చచ్చేది. కథకుడు నా గుమ్మెట మోత ఆగకముందే, "అందుకే రంగారాయుడు కాగడాలు వెలిగించమన్నాడు!" అని అందుకున్నాడు. నాలుగిళ్ల నుంచి లాంతర్లు వచ్చాయి, యుద్ధం సాగింది. ఆ రాత్రి నవ్వు నాదే కావచ్చు, పనితనం మాత్రం కథకుడిది. నీ దగ్గర నేర్చుకునే పిల్లలకి ఈ రెండో మాట విలువ తెలియాలి.

నేను చేసిన తప్పు కూడా చెబుతాను. మరో ఊళ్లో ముందు వరసలో నిద్రపోతున్న ముసలాయన మీద మాట విసిరాను. పందిరి అదిరేలా నవ్వారు. ఆయన లేచి, కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. పొద్దంతా కోతకెళ్లి వచ్చిన మనిషని తర్వాత తెలిసింది. తిరిగి జవాబు చెప్పలేనివాడి మీద నవ్వు పుట్టించకూడదని నీ పిల్లలకి మొదటి రోజే చెప్పు.

ఇక నేర్పే సంగతి. షికాగోలో నాటకం నేర్పిన వయోలా స్పోలిన్ గారు వలస కుటుంబాల పిల్లలకి ఉపన్యాసాలు మాని ఆటలతో నేర్పారని నువ్వే చెప్పావు. ఆ దారి మంచిది. నువ్వు జోకు వేసి చూపించకు, వాళ్లు నీ గొంతునే పట్టుకుంటారు. ఆట మధ్యలో ఆపి, "అవతలివాడు చివర అన్న మాట ఏంటి?" అని అడుగు. చెప్పలేనివాడు వినలేదన్నమాట. అందర్నీ తోసుకొచ్చే కుర్రాడున్నాడన్నావే, వాడికి వారం రోజులు "ఊ", "ఆహా", "ఆ తర్వాత?" ఈ మూడు మాటలే ఇవ్వు. కోప్పడతాడు, పడనీ. మా గురువుగారు నన్ను ఆరు నెలలు గుమ్మెట వాయించడమే తప్ప నోరు విప్పనివ్వలేదు. తాళం తప్పకుండా వినడం నాకు అక్కడే వచ్చింది.

నోరు విప్పని ఆ అమ్మాయిని మాత్రం నవ్వించమని అడక్కు. ఆ కుర్రాడి పక్కనే నిలబెట్టి కథ ఎత్తుకోమను. వాడు ఊకొడతాడు, ఆమె నాలుగు మాటలు పూర్తిగా చెప్పగలుగుతుంది. రెండు వారాలయ్యాక ఎలా ఉందో నాకు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ మామయ్య