బోటు ఇంజన్ 10 నిమిషాలకే ఆగిపోతుంటే

తమ్ముడూ, కర్నూలు దగ్గర సుంకేసుల బ్యారేజీ వెనక నీళ్లలో నీ బోటు ఇంజన్ 10 నిమిషాలు బాగా నడిచి ఆగిపోతోందని, కాసేపాగి తాడు లాగితే మళ్లీ అందుకుంటోందని రాసినావు. కార్బరేటర్ అప్పుడే విప్పొద్దు. ముందు పెట్రోల్ ట్యాంకు మూత మీదుండే చిన్న గాలి స్క్రూ చూడు. అది బిగించి ఉంటే, పెట్రోల్ తగ్గేకొద్దీ లోపలికి గాలి పోక ఇంజన్‌కు పెట్రోల్ అందదు. ఈసారి ఆగినప్పుడు మూత వదులు చేయి. బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంటే జబ్బు అదే. నాకూ నది నడిమధ్యలో ఇట్లే అయింది, తెడ్డేసుకుంటూ ఒడ్డుకొచ్చేసరికి చేతులు బొబ్బలెక్కినాయి.

స్క్రూ తెరిచే ఉంటే ఇంజన్ నుంచి సన్నగా చిమ్మే నీటిధార గమనించు. ధార ఆగిందంటే ఇంజన్ వేడెక్కుతున్నట్టే, వెంటనే ఆపేయ్. ఎండాకాలం తుంగభద్రలో నీళ్లు తగ్గినప్పుడు నీళ్లు పీల్చే జల్లెడలో నాచు, బురద ఇరుక్కుంటాయి. శుభ్రం చేసినా ధార రాకుంటే లోపల నీళ్లు తోడే రబ్బరు చక్రం (ఇంపెల్లర్) అరిగిపోయి ఉండొచ్చు, మెకానిక్‌తో మార్పించు.

అంతవరకు ఒంటరిగా పోవద్దు. లైఫ్ జాకెట్ వేసుకో, తెడ్డు పెట్టుకో. ఇంజన్ ఆగిన బోటు ప్రవాహంతో కొట్టుకుపోతుంది, బ్యారేజీ గేట్ల దిక్కు మాత్రం అసలు పోవద్దు నాయనా.