హైడ్రాంజియా రంగు మార్చింది బోరు నీరే

ప్రశ్న: రెండేళ్ల కిందట నర్సరీ నుంచి నీలం పూలున్న హైడ్రాంజియా మొక్క తెచ్చి పెరట్లో నాటాను. మరుసటి ఏడాది రెండే గుత్తులు, అవీ గులాబీ రంగులో వచ్చాయి. నర్సరీ వాళ్లు మోసం చేశారేమో అనిపిస్తోంది. మొన్న జనవరిలో కొమ్మలు కత్తిరిస్తే ఈసారి పూతే లేదు. ఆకులు పసుపెక్కాయి, మధ్యాహ్నం వాలిపోతున్నాయి. రోజుకు మూడుసార్లు బోరు నీళ్లు పోస్తున్నాను. బాగుపడితే పది గుంటల (పావెకరం) పొలంలో వేయాలని ఉంది.
– ఒక రైతు, హనుమకొండ జిల్లా

జవాబు: నర్సరీ వారు మోసం చేయలేదు. మట్టి ఉదజని సూచిక (పీహెచ్, అంటే మట్టిలో పులుపు ఎంతో చెప్పే అంకె; పులుపు ఎక్కువైతే అంకె తగ్గుతుంది) 5.5 లోపు ఉంటే వేళ్లు అల్యూమినియాన్ని తీసుకుంటాయి, పూలు నీలంగా వస్తాయి. 6.5 దాటితే అది వేళ్లకు అందదు, పూలు గులాబీకి తిరుగుతాయి. (తెల్ల రకాలకు ఈ గొడవ లేదు.) బోరు నీళ్లు పట్టే బిందె అడుగున తెల్లటి పొర కడుతోందేమో చూడండి. కడుతుంటే, రెండేళ్లుగా మీరు మొక్కకు పోస్తున్నది సున్నపు నీరే, మట్టి సూచికను పెంచేది ఆ సున్నమే. ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పసుపెక్కితే అది ఇనుప ధాతు లోపం. నూరు వరహాల మొక్కలోనూ ఇది మామూలే. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) కలిపి వారానికోసారి చొప్పున రెండు మూడు సార్లు సాయంత్రం పిచికారీ చేయండి. వీలైనంత వరకు వాన నీరు పట్టి పోయండి. పొయ్యి బూడిద, గుడ్డు పెంకులు ఈ మొక్క దరికి రానీయవద్దు.

పూత పోయింది మాత్రం మీ కత్తెర వల్లే. ఈ మొక్క పాత కొమ్మల మీద పూస్తుంది. చలికాలంలో కొమ్మ చివర బొద్దుగా కనిపించే మొగ్గను వేలితో తాకి చూడండి, వచ్చే పూగుత్తి అందులోనే ఉంటుంది. జనవరిలో మీరు కోసి పారేసింది దాన్నే. ఇక మీదట పూలు వాడిన వెంటనే, గుత్తి కింద రెండో ఆకుల జత పైన కత్తిరించండి.

మధ్యాహ్నం వాలిన ఆకులు సాయంత్రానికి తేరుకుంటే అది దాహం కాదు, ఎండ దెబ్బ. మట్టిలోకి వేలు దించి, అంగుళం లోతున తడి తగిలితే నీళ్లు పోయకండి. మూడు పూటలా పోస్తే వేరు కుళ్లు వస్తుంది. వానలు పడ్డాక మొక్కను వేళ్లు కదలకుండా తీసి, 14 అంగుళాల కుండీలో ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, మాగిన ఆకు ఎరువు సమపాళ్లలో కలిపి నాటండి. కుండీ అయితే ఫిబ్రవరి చివరికల్లా తూర్పు వరండాలోకి జరపవచ్చు. పొద్దున తొమ్మిది వరకు ఎండ చాలు. ఆకులు విషం, మేకలకు అందనివ్వకండి.

పది గుంటల ఆలోచన మానుకోండి. ఇది ఊటీ, కొడైకెనాల్ చలికి అలవాటు పడ్డ మొక్క. మొగ్గ కట్టాలంటే వారాల తరబడి చల్లదనం ఉండాలి. మన చలికాలం అందుకు అంతంతమాత్రం, మే ఎండ సంగతి చెప్పనక్కరలేదు. ఆ పది గుంటల్లో జూలైలో బంతి నారు నాటండి, బతుకమ్మ నాటికి పూలు కోతకొస్తాయి.