ఆటలో శత్రువుకు ఆ ముఖం ఎవరిచ్చారు?

సెలవులు మొదలైనప్పటి నుంచి గేముల మీద వచ్చే ప్రశ్నలే ఎక్కువగా ఉంటున్నాయి. పిల్లలు ఎన్ని గంటలు ఆడుతున్నారన్నది తల్లిదండ్రుల టెన్షన్. ఎదుటి శత్రువు అంత తెలివిగా ఎలా కదులుతాడన్నది కుర్రాళ్ల సందేహం. నాకు ఈ రెండూ ఒకే విషయంగా కనిపిస్తున్నాయి. రోజూ మూడు గంటలు ఒకరిని కాలుస్తూ కూర్చునే పిల్లాడి దగ్గర, గంటలు ఎంత ముఖ్యమో ఆ ఒకరు ఎవరన్నదీ అంతే ముఖ్యం. అందుకే ఈ వారం గేముల ప్రశ్నలన్నీ ఒకచోట చేర్చాను.

మా అబ్బాయి ఇంటర్ ఫస్టియర్. బీజీఎంఐ ఆడుతుంటే వెనక నిలబడి చూశాను. గుండు తగిలితే ఆకుపచ్చగా ఏదో చిమ్ముతోంది. ఏమిటది? రోజుకు ఎంతసేపు ఆడుతున్నావంటే 'గంటే అమ్మా' అంటాడు. నిజం తెలుసుకునే దారి ఉందా?
— ఒక తల్లి, కరీంనగర్

అది రక్తమేనమ్మా. 2020 సెప్టెంబరులో కేంద్రం 118 యాప్‌లను నిషేధించినప్పుడు వాటిలో పబ్‌జీ మొబైల్ కూడా ఉంది. 2021 జులైలో అదే ఆట మన దేశం కోసం బీజీఎంఐ పేరుతో తిరిగొచ్చింది. రక్తం ఆకుపచ్చగా మారింది, 'కిల్' అన్న మాట 'ఫినిష్' అయింది. తుపాకులు మాత్రం అవే. 2022 జులైలో మళ్లీ ఆగిపోయి, 2023 మేలో మళ్లీ వచ్చింది.

ఈ రంగులు మార్చే పద్ధతి పాతదే. 1997లో 'కార్మగెడాన్' అని, రోడ్డు మీద నడిచేవాళ్లను కారుతో గుద్దే ఆట ఒకటి వచ్చింది. బ్రిటన్ సెన్సార్ వాళ్లు ఒప్పుకోకపోతే మనుషులను తీసేసి, ఆకుపచ్చ రక్తం కారే జాంబీలను పెట్టారు. జర్మనీలో వాటి చోట రోబోలు వచ్చాయి. మరుసటి ఏడాది 'హాఫ్ లైఫ్' జర్మన్ వెర్షన్‌లో సైనికులు కూడా రోబోలయ్యారు. అభ్యంతరం వచ్చినప్పుడల్లా చంపడం అలాగే ఉంచి మనిషిని తప్పిస్తున్నారు. దీనికంటే ఇరవై ఏళ్ల ముందే, 1978లో, 'స్పేస్ ఇన్వేడర్స్' తయారుచేసిన తొమొహిరో నిషికాడో మనుషులను కాల్చే ఆట వద్దనుకుని, ఆక్టోపస్‌ను, పీతను, స్క్విడ్‌ను చూసి శత్రువులను గీశారు. అది బయట ఎవరూ అభ్యంతరం చెప్పకముందే తీసుకున్న నిర్ణయం. రంగు మార్చడం కంటే దానికే నా గౌరవం.

ఇక టైమ్ సంగతి. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే సెట్టింగ్స్‌లో 'డిజిటల్ వెల్‌బీయింగ్' తెరిచి డ్యాష్‌బోర్డ్ నొక్కండి. ఏ యాప్ ఎంతసేపు వాడారో రోజువారీగా కనిపిస్తుంది. అక్కడే టైమర్ పెట్టొచ్చు, కానీ దాన్ని మీ అబ్బాయే తీసేయగలడు. వాడు అంత సులువుగా తీయలేని పరిమితి కావాలంటే గూగుల్ వారి 'ఫ్యామిలీ లింక్' యాప్ పెట్టుకోవాలి. దాన్ని మీ ఫోన్ నుంచే నడపొచ్చు. 2023లో ఆట తిరిగొచ్చినప్పుడు అందులో కూడా పద్దెనిమిది ఏళ్లలోపు వాళ్లకు రోజుకు మూడు గంటలు, పెద్దవాళ్లకు ఆరు గంటలు అని హద్దు పెట్టారు. అయితే వాడు ఖాతాలో వయసు ఎంతని ఇచ్చాడో చూడండి. నా సలహా ఒకటే: దొంగతనంగా ఫోన్ తీసి చూడకండి, వాడి ఎదురుగానే తెరవండి. ఆ అంకె చూస్తే చాలాసార్లు పిల్లలే ఆశ్చర్యపోతారు.

షూటింగ్ గేముల్లో శత్రువులు చుట్టుముడతారు, ఒకరినొకరు పిలుచుకుంటారు. లోపల చాట్‌జీపీటీ లాంటి ఏఐ ఉంటుందా?
— బీటెక్ విద్యార్థి, విశాఖపట్నం

మీరు చెప్పే లక్షణాలన్నీ చాట్‌జీపీటీకి చాలా ముందే ఉన్నాయి. 1980 నాటి 'ప్యాక్‌మ్యాన్' తీసుకోండి. అందులో నాలుగు దెయ్యాలు. ఎర్రది నేరుగా మీరున్న గడికే వస్తుంది. గులాబీది మీరు ఎటు వెళ్తున్నారో చూసి నాలుగు గడుల ముందుకు గురిపెడుతుంది. నీలిది మీ స్థానాన్ని, ఎర్ర దెయ్యం స్థానాన్ని కలిపి లెక్కేసుకుంటుంది. నారింజ రంగుది దగ్గరకొచ్చేసరికి తన మూలకు పారిపోతుంది. ఒక్కో దానికి ఒక్కో చిన్న సూత్రం, అంతే. ఆడేవాడికి మాత్రం నలుగురూ కూడబలుక్కుని దారి కాచినట్టే ఉంటుంది.

2005లో వచ్చిన 'ఫియర్' ఇంకో మెట్టు ఎక్కింది. అందులో సైనికులు నిజంగానే ఏ పని తర్వాత ఏ పని చేయాలో అప్పటికప్పుడు ప్లాన్ వేసుకుంటారు. అయితే మనల్ని బాగా నమ్మించేది వాళ్ల మాటలు. జట్టులో చివరివాడు మిగిలినప్పుడు 'ఇంకా మనుషులను పంపండి' అని అరుస్తాడు. ఆ కేక విని ఎవరినో పంపించే కోడ్ ఆ ఆటలో లేనే లేదు. మీరు ముందుకు నడిస్తే తర్వాతి గదిలో ఎలాగూ కొందరు ఉంటారు. వాళ్లను చూసి 'పిలిస్తే వచ్చేశారే' అని మీరే అనుకుంటారు. ఆ సైనికుల ఏఐని తయారుచేసిన జెఫ్ ఓర్కిన్ స్వయంగా వివరించిన సంగతి ఇది. 'హేలో' అనే షూటింగ్ గేమ్ బృందం కూడా ఇలాంటిదే గమనించింది. కోడ్ ఏమీ మార్చకుండా శత్రువు ఎక్కువ దెబ్బలకు తట్టుకునేలా చేస్తే, ఆడినవాళ్లు 'ఈసారి తెలివిగా ఉన్నారు' అన్నారట.

ఇంకో మాట. బీజీఎంఐలో కొత్త ఖాతాతో మొదటి రోజు పది మందిని పడగొట్టారంటే వాళ్లలో ఎక్కువమంది బాట్‌లే, అంటే కంప్యూటర్ ఆడించే బొమ్మలే. ర్యాంకు పెరిగేకొద్దీ మనుషులు వస్తారు.

సివిలైజేషన్ గేమ్‌లో గాంధీగారు అణుబాంబు వేయడం ఒక బగ్ వల్ల మొదలైందంటారు. నిజమేనా? పనిలో పనిగా, 'ఇంకొక్క టర్న్' అనుకుంటూ తెల్లారిపోతోంది. ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, గుంటూరు

సివిలైజేషన్ అంటే ఒక్కో దేశాన్ని ఒక్కో నాయకుడు నడిపే, టర్న్‌ల వారీగా, అంటే వంతులవారీగా సాగే ఆట. ఆ బగ్ కథ ఇలా చెబుతారు. 1991 నాటి మొదటి ఆటలో గాంధీ దూకుడు విలువ 1. దేశంలో ప్రజాస్వామ్యం వస్తే అందులోంచి 2 తీసేయాలి. సున్నా కంటే కిందికి వెళ్లలేని అంకె కాబట్టి, స్కూటర్ మీటర్‌ను సున్నా నుంచి వెనక్కి తిప్పితే అన్నీ తొమ్మిదులు వచ్చినట్టు, ఒక్కసారిగా 255కి చేరిందట.

వినడానికి ఎంత బాగుందో అంత అబద్ధం. ఆట సృష్టికర్త సిడ్ మెయర్ 2020లో వచ్చిన తన ఆత్మకథలో అలాంటి బగ్ లేదని రాశారు. రెండో భాగానికి ముఖ్య రూపకర్త అయిన బ్రయాన్ రెనాల్డ్స్ కూడా అదే అన్నారు. మొదటి ఆటలో దూకుడుకు మూడే స్థాయిలు, గాంధీది అన్నిటికంటే తక్కువది. నాయకుల్లో మూడో వంతు మందికి అదే స్థాయి. అణ్వాయుధాలు చేతికొచ్చాక 'మా మాట వెనక అణ్వాయుధాలున్నాయి' అని నాయకులందరూ ఒకే వాక్యంతో బెదిరిస్తారు. అదే వాక్యం గాంధీ బొమ్మ పక్కన కనిపించేసరికి జనం మనసులో నాటుకుపోయింది. ఆ తర్వాత 2010లో వచ్చిన ఐదో భాగంలో మాత్రం కావాలనే పెట్టారు. అణుబాంబు మీద మోజును పదికి లెక్కిస్తే గాంధీకి పన్నెండు ఇచ్చారు.

తయారుచేసినవాళ్లు సరదాగానే చేశారు, దురుద్దేశం ఏమీ లేదు. అయినా నాకు మనసులో కలుక్కుమంటుంది. మనకు గాంధీ నోటు మీద బొమ్మ, స్కూలు పాఠం, ఊరి మధ్యలో విగ్రహం. పోలండ్‌లోనో బ్రెజిల్‌లోనో ఉన్న పద్నాలుగేళ్ల పిల్లాడికి ఆయన మొదట పరిచయమయ్యేది ఈ ఆటలోనే కావచ్చు. అదీ మూడు వందల గంటల పరిచయం.

మీ రెండో ప్రశ్నకు: ఈ ఆటలో విరామం దానంతట అది రాదు. ఫోన్‌లో అలారం పెట్టుకుని, అది మోగిన టర్న్‌లో యుద్ధం మధ్యలో ఉన్నా సేవ్ చేసి లేవండి. మళ్లీ తెరిస్తే అంతా వదిలిన చోటే ఉంటుంది.

మా అబ్బాయికి పదమూడేళ్లు. కాల్ ఆఫ్ డ్యూటీ ఆడుతూ 'నాన్నా, చెడ్డవాళ్లు మనలా ఉంటారెందుకు?' అని అడిగాడు. నోట మాట రాలేదు.
— ఒక తండ్రి, డాలస్

మీ అబ్బాయి బాగా చూశాడు. వాడితో ఆ మాటే చెప్పండి.

ఈ ఆటల్లో చాలావాటికి తూర్పు దేశాల ఊరంటే ఇసుక రంగు గోడలు, ముసుగులు, అర్థం కాని అరుపులు. కాల్ ఆఫ్ డ్యూటీ వరుసలోనే 2009 నాటి 'మోడర్న్ వార్‌ఫేర్ 2'లో కరాచీ మ్యాప్ ఉంది. వీధి బోర్డుల మీద రాసింది అరబిక్. అక్కడివాళ్లు చదివేది ఉర్దూ. చార్మినార్ చుట్టూ ఉర్దూ బోర్డులు చూస్తూ పెరిగిన హైదరాబాదీ ఎవరైనా ఒక్క చూపులో పట్టేస్తారు. ఒక్కరిని అడిగినా సరిపోయేది. 2010లో 'మెడల్ ఆఫ్ ఆనర్' మల్టీప్లేయర్‌లో ఒక జట్టుకు తాలిబన్ అని పేరు పెట్టి, గొడవయ్యాక 'ప్రత్యర్థి దళం' అని మార్చారు. మారింది పేరే, మనుషులు వాళ్లే. 2019 'మోడర్న్ వార్‌ఫేర్' ఇంకా దూరం వెళ్లింది. 1991లో కువైట్ నుంచి వెనక్కి పోతున్న ఇరాకీ సేనల మీద అమెరికా కూటమి బాంబులు కురిపించిన రోడ్డును 'మరణ రహదారి' అంటారు. ఆటలో ఒక కల్పిత దేశంలో అదే పేరుతో రోడ్డు పెట్టి, ఆ పని రష్యావాళ్లకు అంటగట్టారు.

2002 ప్రాంతంలో విజయవాడలో, గంటకు ఇరవై రూపాయల ఇంటర్నెట్ సెంటర్‌లో నేను కౌంటర్ స్ట్రైక్ ఆడేవాణ్ని. అందులోనూ ఒక జట్టు టెర్రరిస్టులే. కానీ ఆ ముసుగు వెనక ఉన్నది ప్లైవుడ్ గోడకు అవతల కూర్చున్న నా క్లాస్‌మేట్. వాడు అరిస్తే నాకు నేరుగా వినిపించేది. కాసేపటికి జట్లు మారి ఆ ముసుగు నాకొచ్చేది. ఆట అయ్యాక ఇద్దరం ఒకే బండి దగ్గర టీ తాగేవాళ్లం. ఒంటరిగా ఆడే కథల్లో అలా కాదు. ముసుగు వెనక ఎవరూ ఉండరు. కంపెనీ గీసిన ముఖమే వాడి సర్వస్వం. మీ అబ్బాయికి గుచ్చుకున్నది అదే.

కాల్ ఆఫ్ డ్యూటీలో ప్రధాన ఆటల మీద ఎక్కువగా ఉండే రేటింగ్ ఎమ్, అంటే పదిహేడేళ్లు నిండినవాళ్లకు. ముందు అది చూడండి. బదులుగా 2015 నాటి 'అండర్‌టేల్' ఇచ్చి చూడండి. ఎదురొచ్చిన ఏ ఒక్కరినీ చంపకుండా, మాట్లాడి, వదిలేసి ఆటంతా పూర్తి చేయొచ్చు. మీకోసమైతే 'దిస్ వార్ ఆఫ్ మైన్'. బోస్నియాలోని సారయేవో నగర ముట్టడి స్ఫూర్తితో 2014లో పోలండ్ వాళ్లు చేశారు. అందులో మీరు సైనికుడు కాదు, పాడైన ఇంట్లో తిండి, మందులు వెతుక్కునే మామూలు మనిషి. మందుల కోసం ఒక ముసలి జంట ఇంట్లో దూరాల్సి వచ్చినప్పుడు కీబోర్డు మీద నా చేయి ఆగిపోయింది. ఇది పెద్దవాళ్ల ఆట, పిల్లాడికి ఇప్పుడే వద్దు.

స్టీమ్‌లో నా ఆట 1,100 గంటలని చూపిస్తోంది. అంత ఆడలేదు. లెక్క తప్పా?
— హైదరాబాద్

తప్పు కాదు. కంప్యూటర్ గేములు అమ్మే స్టీమ్‌కు ఆట తెరిచి ఉన్నంతసేపూ లెక్కే. పాజ్ చేసి భోజనానికి వెళ్లినా, మినిమైజ్ చేసి పడుకున్నా కలుస్తుంది. పని అయ్యాక పూర్తిగా మూసేయండి. కొత్త గేమ్ కొన్నప్పుడు ఇది ఇంకా ముఖ్యం. కొని పద్నాలుగు రోజులలోపు, ఆడింది రెండు గంటలలోపు అయితేనే స్టీమ్ మామూలుగా రిఫండ్ ఇస్తుంది.

మా పాపకు ఎనిమిదేళ్లు. మైన్‌క్రాఫ్ట్ అంటే ప్రాణం. కానీ అందులో వచ్చే క్రీపర్ అనే శత్రువును చూసి భయపడి రాత్రి ఏడుస్తోంది.
— ఒక తల్లి, రాజమండ్రి

ఆట మానిపించక్కర్లేదమ్మా. సెట్టింగ్స్‌లో 'డిఫికల్టీ'ని 'పీస్‌ఫుల్'కు మార్చండి. ఆట మధ్యలో ఉన్నా మార్చొచ్చు. క్రీపర్లు అప్పటికప్పుడే మాయమవుతాయి. ఆటలో ఆకలి వేయదు, దెబ్బలు వాటంతటవే మానిపోతాయి. పాప హాయిగా ఇల్లు కట్టుకోవచ్చు.

భయం ఇంకా ఉంటే క్రీపర్ ఎలా పుట్టిందో చెప్పండి. తయారుచేసినాయన పందిని గీయబోయి పొడవు, ఎత్తు అంకెలను తారుమారు చేశారు. పడుకోవాల్సిన ఒళ్లు నిలువుగా లేచింది. దానికి ఆకుపచ్చ రంగు వేసి శత్రువును చేశారు. ఒక కాగితం మీద పంది బొమ్మ గీసి, దాన్ని పాప చేతే నిలువుగా తిప్పించండి. కింద ఆ నాలుగు పొట్టి కాళ్లు చూపించండి.