డాక్టర్ సలహా: నా పెదవి మీది పొక్కు ఎగ్జిమా ఉన్న పాపకు అంటుకుంటుందా?

ప్రశ్న: నాకు ఏడాదిలో రెండు మూడుసార్లు పెదవి అంచున, ఎప్పుడూ ఒకే చోట, నీటిపొక్కులు గుంపుగా వస్తాయి. హెర్పిస్ అని డాక్టర్ చెప్పారు. మా పాపకు నాలుగేళ్లు. ఏడాది నిండకముందు నుంచే ఎగ్జిమా ఉంది. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక గోకి గోకి చర్మం పచ్చి చేసుకుంటుంది. నాకు పొక్కులు వచ్చినప్పుడల్లా పాపను ఎత్తుకోవాలంటేనే భయం. చర్మం బాగుంటే ఈ వైరస్ ఏమీ చేయలేదని ఒకరు, తాకితే చాలు వచ్చేస్తుందని ఇంకొకరు అంటున్నారు. ఏది నిజం? ఆటలమ్మ వైరస్ కూడా ఇదే కుటుంబమట కదా! అది ఒళ్లంతా వస్తుంటే, నాకు ఇది అదే చోట ఎందుకు వస్తోంది? – ఒక పాఠకురాలు

జవాబు: పాపను ఎత్తుకోండమ్మా, పక్కన పడుకోబెట్టుకోండి. పొక్కు ఎండి, పక్కు రాలి, కింద కొత్త చర్మం వచ్చేదాకా ముద్దులు మాత్రం మానేయండి. మీరు విన్న రెండు మాటల్లో మొదటిదే నిజానికి దగ్గరగా ఉంది. అయితే 'చర్మం బాగుంటే' అనే షరతు ఉంది చూశారా, మీ పాప విషయంలో ఆలోచించాల్సింది దాని గురించే. కారణం అర్థమైతే ఏ జాగ్రత్త అవసరమో, ఏ భయం అనవసరమో మీకే తెలుస్తుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మన చర్మం పైపొరలో ఎక్కువ భాగం కెరటినోసైట్లు అనే కణాలే. వీటిలో అన్నీ ఒకే ఈడువి కావు. అట్టడుగు వరుసలో ఉన్నవి లేతవి. కొత్త కణాలు పుట్టేది అక్కడే. అలా పుట్టిన కణం రోజురోజుకూ పైకి జరుగుతూ ముదురుతుంది. అడుగున ఉన్నప్పుడు దానిలో కెరటిన్ 5, 14 అనే ప్రొటీన్లు ఉంటాయి. ఒక వరుస పైకి ఎక్కగానే వాటి తయారీ తగ్గి కెరటిన్ 1, 10 మొదలవుతాయి. ఇంకా పైకి వెళ్లాక, చర్మపు కవచాన్ని గట్టిపరిచే ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్‌కు కావాల్సిన ముడిసరుకు పోగవుతుంది, పక్కపక్క కణాల మధ్య సందులు బిగుసుకుంటాయి. చివరికి కణం తన కేంద్రకాన్ని కూడా వదిలేసి, చదునుగా, గట్టిగా, ప్రాణం లేని పెచ్చులా మారుతుంది. ఒంటి మీద చాలాచోట్ల ఇలాంటి పెచ్చులు 15 నుంచి 20 వరుసల దాకా ఉంటాయి. అడుగున పుట్టిన కణం పైకి చేరి రాలిపోవడానికి సుమారు నాలుగు వారాలు లేదా ఇంకాస్త ఎక్కువ పడుతుంది.

ఇప్పుడు వైరస్ సంగతికి వద్దాం. హెర్పిస్ కుటుంబంలోని వైరస్‌లన్నీ తమ డీఎన్‌ఏను మన కణం కేంద్రకంలోకి పంపి, అక్కడే దాని నకళ్లు తీయించుకుంటాయి. పైనున్న పెచ్చుల్లో కేంద్రకమే లేదు. అంటే మీ పొక్కులోని నీరు పాప చేతి మీద, మంచి చర్మం మీద పడినా, అక్కడ వైరస్‌కు పెరిగే చోటు లేదు. కిందికి దిగుదామన్నా కణాల మధ్య దారి బిగిసి ఉంటుంది. వైరస్ అతుక్కోవడానికి నెక్టిన్-1 వంటి ప్రొటీన్లు అవసరం. అవి ఉన్న బతికున్న కణాలు ఆ పెచ్చుల కింద ఉంటాయి. ప్రయోగశాలలో ఆరోగ్యంగా ఉన్న చర్మం ముక్కను పైవైపు నుంచి హెర్పిస్ వైరస్‌లో ఉంచితే ఇన్‌ఫెక్షన్ రాలేదు. అదే చర్మంలో పైపొరను వేరుచేసి, అడుగు వరుసలోని లేత కణాలు బయటపడేలా ఉంచితే అవి వెంటనే వైరస్ బారిన పడ్డాయి. ఒకే చర్మం, ఒకే వైరస్. వైరస్‌కు ముందుగా తగిలింది ముదురు కణమా, లేత కణమా అన్నదే తేడా.

నోటి లోపల చాలాచోట్ల, పెదవి లోపలి వైపు, జననాంగాల లోపలి పొరల్లో ఈ ప్రాణంలేని పెచ్చుల కవచం ఉండదు. కంటి ఉపరితలానికీ అంతే. అందుకే ఈ వైరస్ ముద్దుల ద్వారా, లైంగిక సంబంధం ద్వారా అంత సులువుగా పాకుతుంది. కరచాలనంతో అలా పాకదు.

లేత కణంలోకి చేరిన వైరస్ ఒక రోజు గడిచేలోపే వేలకొద్దీ కొత్త వైరస్‌లను తయారు చేయించగలదు. కణం ఉబ్బిపోతుంది, పక్క కణాలతో ఉన్న పట్టు వదిలేస్తుంది. కొన్ని కణాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, అనేక కేంద్రకాలున్న పెద్ద కణాలవుతాయి. పట్టు వదిలిన చోట నీరు చేరితే అదే పొక్కు. పొక్కు అడుగు నుంచి గీకి తీసిన కణాలను మైక్రోస్కోప్ కింద చూసే జాంక్ పరీక్షలో మేము వెతికేది ఆ పెద్ద కణాల కోసమే. ఇప్పుడు పీసీఆర్ పరీక్ష అంతకన్నా నమ్మకంగా చెబుతోంది. ఈ నష్టమంతా చాలావరకు పైపొరకే పరిమితం కాబట్టి, గోకి పుండు చేసుకోకపోతే మామూలుగా మచ్చ మిగలదు.

మీ పెదవికి తరచూ ఏ గాయమూ కావడం లేదు కదా, మరి పొక్కు ఎందుకు వస్తోంది? మొదటిసారి వైరస్ బయటి నుంచే వచ్చి ఉంటుంది. చాలామందికి అది చిన్నతనంలోనే, తెలియకుండానే జరిగిపోతుంది. ఆ తర్వాత అది నరం వెంట వెనక్కి వెళ్లి, పుర్రె లోపల అడుగున ఉండే ట్రైజెమినల్ గాంగ్లియాన్ అనే నాడీకణాల ముడిలో దాక్కుంటుంది. జ్వరం, తీవ్రమైన ఎండ, నెలసరి, నిద్రలేమి, పంటి చికిత్స లాంటివి దాన్ని కదిలిస్తాయి. అప్పుడు అదే నరం వెంట కిందికి వస్తుంది. ఆ నరం కొసలు చర్మం పైపొరలోకే, బతికున్న కణాల మధ్యకే చొచ్చుకుని ఉంటాయి. అంటే ఈసారి వైరస్ వస్తున్నది లోపలి నుంచి. పైనున్న కవచం ఎంత గట్టిగా ఉన్నా దానికి అడ్డం కాదు. ఎప్పుడూ ఆ నరం కొసల దగ్గరే దిగుతుంది కాబట్టి మీకు ఎప్పుడూ అదే చోట పొక్కు వస్తోంది. మొదటిసారంత తీవ్రంగా రాకపోవడానికీ కారణం ఉంది. పాత పొక్కు మానిన చోట కొన్ని రోగనిరోధక టి-కణాలు నరం కొసల దగ్గరే కాపలాగా ఉండిపోతాయి.

ఆటలమ్మ గురించి మీరు అడిగినది చాలా మంచి ప్రశ్న. ఆ వైరస్ పేరు వారిసెల్లా జోస్టర్. అది చర్మం మీద పడి సోకేది కాదు. శ్వాస ద్వారా లోపలికి వెళ్లి, టి-కణాల్లో ఎక్కి, రక్తం ద్వారా చర్మానికి లోపలి నుంచి చేరుతుంది. వైరస్ సోకాక పొక్కులు కనబడడానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది. రక్తం ఒంట్లో అన్ని చోట్లకూ వెళుతుంది కాబట్టి పొక్కులూ ఒళ్లంతా వస్తాయి. ఇక్కడ ఈ వైరస్ కణాల ముదురుతనాన్ని వాడుకునే తీరు చూస్తే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. శరీరంలోని చాలా కణాల్లో ఇది తయారైనా, బయటికి రాకముందే కణం దాన్ని తన చెత్తను కరిగించే సంచుల్లోకి మళ్లించి పాడు చేస్తుంది. అలా మళ్లించే పని మానోజ్-6-ఫాస్ఫేట్ రిసెప్టర్ అనే ప్రొటీన్‌ది. చర్మకణం ముదిరి పైకి వచ్చేసరికి ఆ ప్రొటీన్ కనుమరుగవుతుంది. దాంతో ఆ ముదురు కణాల్లో పుట్టిన వైరస్ చెక్కుచెదరకుండా బయటపడి పొక్కు నీటిలో నిండుతుంది. ఆటలమ్మ పొక్కులు అంత తేలిగ్గా అంటుకోవడానికి ఇదొక ముఖ్య కారణం. పైగా ముదురుతున్న కణాల్లో ఉండాల్సిన కెరటిన్ 10ను, కణాలను కలిపి ఉంచే ప్రొటీన్లను ఈ వైరస్ తగ్గించేస్తుంది. పొక్కు విచ్చుకోవడానికి అదీ తోడవుతుంది.

ఇదే కుటుంబంలోని ఎప్‌స్టీన్-బార్ వైరస్ ఇంకో తీరు. రోగనిరోధక శక్తి బాగా తగ్గిన వారిలో నాలుక పక్కన తెల్లటి గరుకు పొర ఏర్పడే జబ్బులో, ఇది అడుగున ఉన్న లేత కణాల్లో పెరగదు, పైనున్న ముదురు కణాల్లోనే పెరుగుతుంది. కణం ముదిరేటప్పుడు తయారయ్యే బ్లింప్-1, కెఎల్ఎఫ్-4 అనే ప్రొటీన్లే ఈ వైరస్‌ను నిద్ర లేపుతాయి. ఒకే కుటుంబమని అన్నిటికీ ఒకే జాగ్రత్త చెప్పలేకపోవడానికి ఇదే కారణం.

ఇక పాప దగ్గరికి వద్దాం. మీ ఉత్తరంలో నన్ను ఆపింది 'గోకి గోకి పచ్చి చేసుకుంటుంది' అన్న మాట. ఎగ్జిమాలో చర్మకణాలు ముదిరే క్రమమే కుంటుపడుతుంది. కొందరిలో ఫిలాగ్రిన్ జన్యువులోనే లోపం ఉంటుందని 2006లో తేలింది. లోపం లేనివారిలో కూడా ఎగ్జిమా వాపుకు కారణమయ్యే ఇంటర్‌ల్యూకిన్-4, 13 అనే సంకేతాలు ఫిలాగ్రిన్‌ను తగ్గిస్తాయి. వైరస్‌లను చంపే ఎల్ఎల్-37 అనే సహజ రక్షణ పదార్థాన్ని కూడా తగ్గిస్తాయి. దానికి తోడు గోళ్లు పైపొరను చీల్చి లేత కణాలను బయటపెడతాయి. హెర్పిస్‌కు కావాల్సింది సరిగ్గా ఇదే. అరుదుగానైనా, అలాంటి చర్మం మీద వైరస్ వేగంగా పాకిపోయే స్థితిని ఎగ్జిమా హెర్పెటికమ్ అంటాం. ఎగ్జిమా ఉన్న పిల్లల్లో కొద్దిమందికే ఇది వస్తుంది. కానీ వస్తే ఆలస్యం చేయకూడని జబ్బు.

దీన్ని ఎలా గుర్తుపట్టాలి? ఎగ్జిమా ఉన్నచోట ఒక్కసారిగా, అన్నీ ఒకే సైజులో ఉన్న చిన్న చిన్న పొక్కులు గుంపులుగా వస్తాయి. అవి చితికి, రంధ్రం చేసే మిషన్‌తో కొట్టినట్టు గుండ్రటి చిన్న పుండ్లవుతాయి. దురదకన్నా నొప్పి ఎక్కువ ఉంటుంది. జ్వరం, నీరసం, మెడలో బిళ్లలు కట్టడం తోడవుతాయి. ఎగ్జిమా ఎక్కువైందనో, చీము పట్టిందనో అనుకుని యాంటీబయాటిక్ వాడుతూ రోజులు గడిపేసిన పిల్లలను చూసినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. పొక్కులు కనిపిస్తే అదే రోజు, అర్ధరాత్రయినా సరే, ఆసుపత్రికి తీసుకెళ్లండి. 'ఇంట్లో నాకు హెర్పిస్ వస్తుంటుంది' అని మీరే ముందుగా చెప్పండి. ఆ ఒక్క మాట డాక్టర్‌కు దారి చూపుతుంది. పరీక్ష ఫలితం కోసం ఆగకుండానే, హెర్పిస్ వైరస్‌ను అణిచే ఎసైక్లోవిర్ అనే మందు మొదలుపెట్టాలి. పాపకు ఎగ్జిమా కోసం టాక్రోలిమస్ లాంటి పూత వాడుతుంటే డాక్టర్ చూసేదాకా ఆపండి. పొక్కులు కంటి చుట్టూ ఉంటే కంటి డాక్టర్ కూడా అదే రోజు చూడాలి. నల్లగుడ్డుకు పాకితే చూపు దెబ్బతింటుంది. డాక్టర్ చెప్పకుండా స్టెరాయిడ్ చుక్కలు వేయకండి.

రోజువారీ విషయంలో నా సలహా సూటిగా చెబుతాను. మీ పెదవి పొక్కు కన్నా పాప ఎగ్జిమా మీద ఎక్కువ దృష్టి పెట్టండి. ఎందుకంటే పొక్కు లేని రోజుల్లో కూడా లాలాజలంలో అప్పుడప్పుడూ వైరస్ ఉండొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 50 ఏళ్లలోపు వారిలో సుమారు 380 కోట్ల మందికి, అంటే 64 శాతానికి, పెదవి పొక్కులకు ముఖ్య కారణమైన హెర్పిస్ సింప్లెక్స్-1 వైరస్ ఉంది. మీరొక్కరు దూరం జరిగినంత మాత్రాన పాపకు వైరస్ ఎదురుకాకుండా పోదు. చర్మం బాగుంటే ఎదురైనా ఇబ్బంది తక్కువ. కాబట్టి రోజూ స్నానం కాగానే మాయిశ్చరైజర్ దట్టంగా రాయండి. ఎగ్జిమా ఎర్రబడినప్పుడు డాక్టర్ రాసిన స్టెరాయిడ్ పూతను భయపడి సగంలో ఆపకండి. వాపు అణిగితేనే కణాలు మళ్లీ సరిగ్గా ముదురుతాయి. గోళ్లు పొట్టిగా కత్తిరించండి.

పొక్కు ఉన్న రోజుల్లో తువ్వాలు, చెంచా, గ్లాసు, లిప్‌బామ్ వేరుగా వాడుకోండి. పొక్కును తాకితే సబ్బుతో చేతులు కడగండి. ఈ వైరస్‌కు చుట్టూ కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని కరిగించేస్తుంది. పాప క్రీము డబ్బాలో నేరుగా వేలు ముంచకుండా శుభ్రమైన చెంచాతో తీసి రాయండి. ఈ చిన్న విషయం చాలామంది తల్లులకు ఎవరూ చెప్పరు. ఎగ్జిమా పచ్చిగా ఉన్న చోట పూత రాసే పని, ఆ కొద్దిరోజులు కుదిరితే ఇంట్లో మరొకరికి అప్పగించండి. కుదరకపోతే చేతులు కడుక్కుని మీరే రాయండి. పూత మానడం కన్నా అది మేలు.

మీ పొక్కుల విషయానికొస్తే, చురుకు, జివ్వుమనడం మొదలైన గంటల్లోనే ఎసైక్లోవిర్ లేదా వాలాసైక్లోవిర్ మాత్రలు మొదలుపెడితే ఫలితం బాగుంటుంది. మోతాదు మీ డాక్టరే చెప్పాలి, ముఖ్యంగా కిడ్నీ సమస్య ఉన్నా, గర్భవతి అయినా. ఈ మందును చైతన్యం చేసేది వైరస్ తయారుచేసే థైమిడిన్ కైనేజ్ అనే ఎంజైమే. కాబట్టి అది ముఖ్యంగా వైరస్ చురుగ్గా ఉన్న కణాల్లోనే పనిచేస్తుంది. నరంలో నిద్రపోతున్న వైరస్‌ను మాత్రం ఏమీ చేయలేదు. వేరు అలాగే ఉంచి ఆకు కోసినట్టే ఇది. ఏడాదికి ఆరుసార్లు, అంతకు మించి వస్తుంటే రోజూ వాడే పద్ధతి గురించి అడగండి. మీకు రెండు మూడుసార్లే కాబట్టి ఆ అవసరం ఉండకపోవచ్చు. ఎండలోకి వెళ్లేముందు సన్‌స్క్రీన్ ఉన్న లిప్‌బామ్ రాసుకోండి. ఇంట్లో ఉన్న స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్‌ను మీ పొక్కు మీద సొంతంగా రాయొద్దు.

హెర్పిస్ సింప్లెక్స్‌కు ఇప్పటిదాకా ఆమోదం పొందిన టీకా లేదు. ఆటలమ్మకు ఉంది. పాపకు ఆ టీకా పడిందో లేదో కార్డు చూడండి. పడకపోతే ఎగ్జిమా ఉందని వాయిదా వేయకుండా పిల్లల డాక్టర్‌తో మాట్లాడి వేయించండి. పాప రోగనిరోధక శక్తిని తగ్గించే మాత్రలు ఏవైనా వాడుతుంటే ఆ సంగతి ముందే చెప్పండి.