మంత్రాల లిస్టు పక్కన పెట్టండి, ముందు ఖర్చు తేల్చండి

సొంతంగా ఆర్‌పీజీ (టేబుల్ చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక్కో పాత్ర పట్టి కథ నడిపే ఆట) రాస్తున్నారు, మంత్రగాడు లెవెల్ పెరిగేకొద్దీ మిగతావాళ్లకి పని లేకుండా పోతోంది, మంత్రాలకి ఖర్చుపెట్టే మానా పాయింట్లు పెడితే ఆటంతా లెక్కలతోనే సరిపోతోంది, ఇదే కదా మీ బాధ. బెంగళూరులో మారతహళ్లి దగ్గర మా తెలుగు గ్యాంగ్‌కి ఆదివారాలు నేనే గేమ్ మాస్టర్‌ని, అంటే ఆట నడిపేవాణ్ణి, కాబట్టి మా టేబుల్ మీద పనిచేసింది చెప్తాను.

1974లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆర్‌పీజీ నుంచీ ఉన్నది రోజుకి ఇన్ని మంత్రాలనే లిమిట్. దాంతో చిక్కేంటంటే, ఒక్క ఫైట్‌లో అన్నీ వాడేసి, ఇక పడుకుందాం పదండి అంటారు, పొద్దున్నే మళ్లీ ఫుల్ ట్యాంక్. ఖర్చు ఉంది, కానీ ఎవరికీ నొప్పి తెలీదు. కర్ణుడి సంగతి చూడండి. ఇంద్రుడిచ్చిన శక్తి ఒక్కసారే పనిచేస్తుంది, అర్జునుడి కోసం దాచుకుంటాడు, తీరా రాత్రి యుద్ధంలో ఘటోత్కచుడు సైన్యాన్ని చితగ్గొడుతుంటే కౌరవులంతా గోలపెట్టి దాన్ని వాడించేస్తారు. టేబుల్ మీద నాకు కావాల్సింది సరిగ్గా ఆ టెన్షన్.

అందుకే మా ఆటలో మంత్రం ఎప్పుడూ ఫెయిల్ అవ్వదు, డైస్ వేసేది మూల్యం ఎంతో తేల్చడానికే. రెండు ఆరు ముఖాల డైస్ వేస్తే 36 రకాలుగా పడొచ్చు. 10 ఆ పైన పడేవి 6, అప్పుడు ఫ్రీ. 7 నుంచి 9 వరకు 15, అప్పుడు మంత్రగాడికుండే ఐదు తపస్సు పాయింట్లలో ఒకటి పోతుంది. 6, అంతకంటే తక్కువ కూడా 15, అప్పుడు పాయింట్ పోవడమే కాక ఏదో ఒక శాపం తగులుతుంది. అంటే ఆరింట ఐదుసార్లు ఏదో ఒకటి వదులుకోవాల్సిందే. డైస్ మీద పడినదానికి కలిపే బోనస్ మాత్రం +2 దాటనివ్వకండి, +3 ఇస్తే 36లో 21 ఫ్రీ అయిపోతాయి, ఇక భయమెందుకుంటుంది?

పోయిన పాయింట్లు నిద్రపోతే రావు, ఏదైనా నియమం పట్టాలి. మా వాడొకడు మౌనవ్రతం పట్టి, కోట కాపలావాడితో బేరం మొత్తం సైగలతో ఆడాడు, ఆ సీన్ గురించి ఇప్పటికీ చెప్పుకుంటాం. పైగా పాయింట్లు ఐదే కాబట్టి వేళ్ల మీద లెక్క, మీ రెండో సమస్యా తీరిపోయింది.

ఇక మిగతావాళ్లకి పని లేకపోవడం. తాళం తీయడం, గోడ ఎక్కడం, అబద్ధం పసిగట్టడం లాంటివి మంత్రాలుగా అస్సలు రాయకండి, అవి దొంగ పాత్రవి, వదిలేయండి. ఒకసారికి ఒకే మంత్రాన్ని కొనసాగించాలనే రూల్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2014 ఎడిషన్ నుంచి నేరుగా తీసుకున్నాను, ఎగరడమూ మాయమవడమూ కలిపి వాడే గొడవ దాంతోనే పోయింది.

రాసింది ముందు మీ గ్రూపులో లొసుగులు వెతికేవాడికి ఇవ్వండి. మా దాంట్లో ఆ పని చేసేది ఆఫీసులో టెస్టింగ్ చేసే మనిషే, జీతం కూడా అందుకే ఇస్తున్నారు కదా.